బైరెడ్డిపల్లె సీమలో పోలీసులపై అజమాయిషీ

బైరెడ్డిపల్లె చిత్తూరు జిల్లా పడమటి అంచున, పలమనేరుకూ కుప్పానికీ మధ్య ఉన్న మండల కేంద్రం. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉంటుంది, తమిళనాడు కూడా దూరమేమీ కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పట్టణాలను కలుపుకుని చూస్తే ఇది రెండు వందల ఏళ్లలో చాలా రకాల పోలీసు వ్యవస్థలను చూసిన సీమ. పాళెగాళ్ల కావలి, ఈస్టిండియా కంపెనీ దారోగాలు, గ్రామ మునసబు, తహసీల్దారు, జిల్లా ఎస్పీ, ఇప్పుడు స్టేషన్ గోడమీద సీసీ కెమెరా వరుసగా వచ్చాయి. పోలీసును ఎవరు అదుపులో పెట్టాలి, తప్పు చేస్తే ఎవరు అడగాలి అన్నదానికి ఒక్కొక్క కాలం ఒక్కొక్క జవాబు ఇచ్చింది.

ఈ జవాబులను తూచడానికి ఒక ప్రశ్న చాలు. పోలీసు మీద రాసుకున్న అర్జీ చివరికి ఎవరి బల్ల మీదికి చేరుతుంది? అది తిరిగి తిరిగి ఆ పోలీసు దగ్గరికే, లేదా ఆయన పైఅధికారి దగ్గరికే వస్తే, చట్టంలో ఎన్ని రక్షణలు రాసి ఉన్నా ఊళ్లో మనిషికి అవి దక్కినట్టు కాదు. బైరెడ్డిపల్లె సీమ చరిత్రలో ఈ చిక్కు 1855 నుంచి రాతపూర్వకంగా నమోదై ఉంది.

కావలి, దారోగా, మునసబు

కంపెనీ రాకముందు ఈ సీమలో కాపలా పాళెగాళ్ల చేతిలో ఉండేది. దారులనూ ఊళ్లనూ కాచినందుకు వాళ్లు కావలి రుసుము వసూలు చేసేవారు. దొంగతనం జరిగి, దొంగ గానీ సొమ్ము గానీ దొరక్కపోతే కావలిదారు ఆ నష్టం పూడ్చాలన్నది కట్టుబాటు. ఈ నియమం అన్నిచోట్లా నిజాయితీగా సాగిందని చెప్పలేం. కావలి పేరుతో దోపిడీ చేసిన పాళెగాళ్లు చాలామంది ఉన్నారు. కానీ కాపలా విఫలమైతే కాపలాదారే సొంత జేబు నుంచి ఇచ్చుకోవాలన్న ఆలోచన తర్వాత వచ్చిన ఏ పోలీసు చట్టంలోనూ కనిపించదు.

1800లో నిజాం దత్తమండలాలను, 1801లో ఆర్కాటు నవాబు కర్ణాటక రాజ్యాన్ని కంపెనీకి వదులుకున్నారు. దాంతో ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. పాళెగాళ్ల కావలి హక్కులు రద్దయ్యాయి. 1804-05లో చిత్తూరు పాళెగాళ్లు తిరగబడడానికి ఆ రుసుములు పోవడం కూడా ఒక కారణం. వాళ్ల స్థానంలో 1802 నాటి 35వ రెగ్యులేషన్ దారోగాలను తెచ్చింది. ఊరికి ఏ సంబంధమూ లేని జీతగాళ్లు వాళ్లు. ఆ ప్రయోగం పద్నాలుగేళ్లకే మూలపడింది.

దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, 1814లో నియమితమైన విచారణ సంఘానికి అధ్యక్షుడిగా తిరిగి వచ్చి, పాత గ్రామ వ్యవస్థనే పోలీసుకు పునాదిగా చేయాలని పట్టుపట్టాడు. 1816 నాటి 11వ రెగ్యులేషన్ అందుకు రూపం ఇచ్చింది. ఊళ్లో మునసబు పోలీసు అధిపతి, తలారి ఆయన చేతికింది మనిషి. తాలూకాలో తహసీల్దారు, జిల్లాలో మేజిస్ట్రేటు హోదాతో కలెక్టరు. అజమాయిషీ మళ్లీ ఊరికి దగ్గరైంది.

ఆ దగ్గరతనానికి ఊరంతా ఒకే ధర చెల్లించలేదు. తిట్లు, చిన్నపాటి కొట్లాటల వంటి నేరాలకు మునసబు ఎవరినైనా పన్నెండు గంటల వరకు చావడిలో ఉంచవచ్చని రెగ్యులేషన్ చెప్పింది. అదే తప్పు చేసినవాడు ‘కింది కులాల’వాడైతే ఆరు గంటల వరకు బొండకొయ్యలో బిగించవచ్చని కూడా చెప్పింది. చట్టమే కులాన్ని బట్టి శిక్ష రాసిన చోటు ఇది. మన్రో గ్రామ పోలీసును ఆదర్శంగా చెప్పుకునే చరిత్రకారులు ఈ సెక్షన్‌ను దాటి పోతుంటారు, దాటకూడదు. స్థానిక అదుపు అంటే ఊళ్లో పెత్తనం ఉన్నవాడి అదుపే అయ్యే ప్రమాదం నేటికీ ఉంది.

చిత్రహింసల విచారణ

1816 ఏర్పాటులో ఇంకో పెద్ద లోపం ఉంది. శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి, మేజిస్ట్రేటు అధికారం ఉన్న కలెక్టరు ఆయనకు పై అధికారి. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టేదీ, దొంగతనం ఒప్పుకోమని వేళ్లు నలిపేదీ అదే చెయ్యి. 1854లో ఈ సంగతి బ్రిటిష్ పార్లమెంటులో చర్చకు వచ్చాక మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులుగా విచారణ సంఘం వేసింది. 1855లో వచ్చిన దాని నివేదిక భారత పోలీసు చరిత్రలో ముఖ్యమైన పత్రం. కొయ్యల మధ్య వేళ్లు బిగించే కిట్టి, మనిషిని వంచి తాళ్లతో కట్టి గంటల తరబడి ఉంచడం వంటివి శిస్తు కోసమూ, నేరం ఒప్పించడం కోసమూ మామూలుగా వాడుకలో ఉన్నాయని సంఘం తేల్చింది.

హింస గురించి చెప్పిన భాగం కంటే, బాధితుడికి దిక్కు ఎందుకు దొరకలేదో వివరించిన భాగం నేటి పాఠకుడు శ్రద్ధగా చదవాల్సింది. కలెక్టరు కచేరీ దూరం. పోవడానికి ఖర్చు, పనిదినాల నష్టం. కష్టపడి అర్జీ రాసి పంపినా అది ‘తహసీల్దారుకు పంపడమైనది’ అన్న ఎండార్సుమెంటుతో తిరిగొస్తుందన్న భయం. తనను కొట్టించినవాడే తన అర్జీని విచారిస్తాడు. ఈ నివేదిక ప్రపంచం దృష్టికీ వచ్చింది. కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కు రాసిన వ్యాసంలో దీన్ని విస్తారంగా ఉపయోగించుకున్నాడు.

నివేదిక ఫలితం 1859 నాటి 24వ చట్టం, మద్రాసు జిల్లా పోలీసు చట్టం. విలియం రాబిన్సన్ ఆధ్వర్యంలో కొత్త పోలీసు ఏర్పడింది. శిస్తు శాఖ నుంచి పోలీసు విడిపోయింది, జిల్లాకు సూపరింటెండెంటు వచ్చాడు. దేశమంతటికీ ఉద్దేశించిన 1861 పోలీసు చట్టానికి ఇది రెండేళ్లు ముందుది. ఆంధ్ర ప్రాంతంలో స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ 1859 చట్టమే పేరు మార్చుకుని కొనసాగింది. తహసీల్దారు చేతి నుంచి లాఠీ తీసేశారు, సరే. కానీ ఆ లాఠీని అడిగేవాడు ఎవరన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు ఒక్కటే: పోలీసు పై అధికారి. క్రమశిక్షణ అనేది శాఖ ఇంటి విషయమైపోయింది. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పనిచేసిన పోలీసు కమిషన్ దేశమంతా తిరిగి, శాఖలో అవినీతీ దౌర్జన్యమూ పేరుకుపోయాయని రాసింది. అయినా శాఖకు బయటి కన్ను ఏదీ ఏర్పడలేదు.

1911 తర్వాత

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతవరకు మదనపల్లె కడప జిల్లాలోనూ, పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోనూ ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ సీమలో మేజిస్ట్రేటు అధికారాలు ఎక్కువగా రెవెన్యూ అధికారుల చేతుల్లోనే ఉన్నాయి. న్యాయశాఖను పాలనా శాఖ నుంచి విడదీసే పని మద్రాసు రాష్ట్రంలో 1940ల చివర మొదలైంది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని పూర్తిచేసింది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపల హైకోర్టు కింద పనిచేసే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. పోలీసు శాఖతో గానీ రెవెన్యూతో గానీ సంబంధం లేని అధికారి నిందితుడి ముఖం చూసి ‘నిన్ను కొట్టారా’ అని అడగగలిగే ఏర్పాటు అది. రెండు వందల ఏళ్లలో వచ్చిన మార్పుల్లో ఇదే అన్నిటికంటే విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మిగతా సంస్థలు చాలావరకు జరిగిపోయిన దాన్ని విచారిస్తాయి. మేజిస్ట్రేటు జరుగుతున్న దాన్ని ఆపగలడు.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం వంశపారంపర్య మునసబు, కరణం ఉద్యోగాలను రద్దు చేసింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మునసబు పెత్తనం పోవడం మంచిదే. ఐతే ఆయన స్థానంలో ఎన్నికైన పంచాయతీకి పోలీసు విషయంలో ఏ పాత్రా రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశాల జాబితాలో పోలీసు లేదు. సర్పంచి వీధిదీపం గురించి తీర్మానం చేయగలడు. స్టేషన్లో జరిగిన దాని గురించి చేసే తీర్మానానికి చట్టబలం లేదు. ఆ ఖాళీలోకి అనధికార పలుకుబడి వచ్చి చేరింది. ఎస్సై బదిలీలో ఎవరి మాట చెల్లుతుందో ప్రతి మండలంలోనూ అందరికీ తెలుసు. భూమి తగాదాలు స్టేషన్ మెట్లెక్కి పెద్దమనుషుల ‘పంచాయితీ’గా మారడమూ కొత్త కాదు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన మైత్రి సంఘాలు పోలీసులనూ ప్రజలనూ ఒకచోట కూర్చోబెట్టాయి. కానీ అవి సహకారం కోసం వేసినవి. జవాబు అడిగే అధికారం వాటికి లేదు.

రాష్ట్రాన్ని కదిలించిన కేసులు

1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం రాష్ట్రాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, నిందితులు విడుదలయ్యారు. కమిషన్ తీర్పుకూ కోర్టు తీర్పుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ కేసు చూపించింది.

ఎన్‌కౌంటర్లపై ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన పోరాటం ఇంకా దూరం పోయింది. ఆ సంఘం ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. కాల్పుల్లో పాల్గొన్న స్టేషన్ పోలీసులే దర్యాప్తు చేయకూడదన్నది వాటి సారాంశం. 1855 నివేదిక ఎత్తిచూపిన జబ్బుకు మందు రాసినది ఒక తెలుగు సంఘం అర్జీ కావడం గుర్తుంచుకోదగిన విషయం. 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేననీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిన వాదన అనీ చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. 2014లో మహారాష్ట్ర కేసులో తన సొంత మార్గదర్శకాలు ప్రకటించింది.

2015 ఏప్రిల్ 7న ఈ ప్రశ్న చిత్తూరు జిల్లాకే వచ్చింది. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. కూలీలు రాళ్లు, గొడ్డళ్లతో దాడి చేశారని పోలీసులు చెప్పారు. పట్టుకుని చంపారని కుటుంబాలు, హక్కుల సంఘాలు అన్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం సిఫారసు చేసింది. చనిపోయినవాళ్లది ఒక రాష్ట్రం, కాల్చిన పోలీసులది ఇంకో రాష్ట్రం, హైకోర్టు అప్పటికి హైదరాబాద్‌లో. రాష్ట్ర సరిహద్దు దాటి పనికి పోయే పేదవాడికి న్యాయం ఎంత దూరమవుతుందో సరిహద్దు మండలాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫిర్యాదుల అథారిటీ: మూడు రాష్ట్రాల ముచ్చట

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు కొన్ని ఆదేశాలిచ్చింది. వాటిలో పల్లెకు సూటిగా తగిలేది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. రాష్ట్ర స్థాయిలో విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా న్యాయమూర్తి దానికి అధిపతులు. డీఎస్పీ వరకు ఉన్నవారిపై ఫిర్యాదులు జిల్లా అథారిటీకి, ఆ పై వారివి రాష్ట్ర అథారిటీకి. కస్టడీ మరణం, తీవ్ర గాయం, అత్యాచారంతో పాటు బలవంతపు వసూళ్లు, భూములు ఇళ్ల కబ్జా కూడా జిల్లా అథారిటీ పరిధిలోకి వస్తాయని కోర్టు స్పష్టం చేసింది. పల్లెల్లో స్టేషన్ మీద వినిపించే ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఈ చివరి రెండు రకాలదే.

కోర్టు చెప్పిన రూపం ఆచరణలో ఏమైందో చూడడానికి బైరెడ్డిపల్లె మంచి చోటు, ఎందుకంటే మూడు రాష్ట్రాల చట్టాలు ఇక్కడ ఇరుగుపొరుగు. తమిళనాడు 2013లో చేసిన చట్టం రాష్ట్ర అథారిటీకి హోం కార్యదర్శిని, జిల్లా అథారిటీకి కలెక్టరును అధిపతులుగా పెట్టింది. డీజీపీ, ఎస్పీలనే సభ్యులుగా కూర్చోబెట్టింది. అర్జీ మళ్లీ పాత దారిలోనే నడిచింది. 2020లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు జయరాజ్, బెన్నిక్స్ కస్టడీ హింసకు బలైనప్పుడు నిజాన్ని వెలికితీసింది మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం పంపిన మేజిస్ట్రేటు. కర్ణాటక 2012లో తన పోలీసు చట్టాన్ని సవరించి రాష్ట్ర అథారిటీకి విశ్రాంత న్యాయమూర్తిని అధిపతిగా పెట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో తీర్పు వచ్చిన పదిహేనేళ్లకు, 2021లో, విశ్రాంత న్యాయమూర్తి వి.కనగరాజ్‌ను రాష్ట్ర అథారిటీ అధ్యక్షుడిగా ప్రభుత్వం నియమించింది. నిబంధనల ప్రకారం ఆ పదవికి వయసు పరిమితి 65. ఆయన దాన్ని దాటినవారు. ఆ నియామకాన్ని హైకోర్టు అదే ఏడాది నిలిపివేసింది. ఎవరిని నియమించాలో నిబంధనే చెబుతున్నా, దాన్ని మీరే నియామకం ఎలా జరిగిందన్నది అడగాల్సిన ప్రశ్న. ఒక తరం గడిచిపోయే ఆలస్యాన్ని కోర్టుల మీద, సాంకేతికతల మీద నెట్టడం సరికాదు. ఇది ప్రభుత్వాలు చేయదలచుకోని పని, పార్టీలు మారినా చేయదలచుకోని పని.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకు మారింది. దాని చేతిలో ఉన్నది సిఫారసు. ఘటన జరిగిన ఏడాది లోపలే ఫిర్యాదు చేయాలన్న నియమం కూడా ఉంది. 2019 జనవరి 1న ఏర్పడిన రాష్ట్ర హైకోర్టు అమరావతిలో పనిచేస్తోంది. బైరెడ్డిపల్లె నుంచి రెండూ వందల కిలోమీటర్లు.

స్టేషన్ గడప దగ్గర

పైన చెప్పినవన్నీ పెద్ద సంస్థలు. మామూలు మనిషి జీవితంలో ఎక్కువ తేడా తెచ్చినవి స్టేషన్ గడప దగ్గరి చిన్న నియమాలు. 1996 డిసెంబరులో డి.కె.బసు కేసు తీర్పు, అరెస్టు చేసే పోలీసు పేరు కనపడేలా పెట్టుకోవాలనీ, అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షి సంతకం చేయాలనీ చెప్పింది. ఊరిని తిరిగి పోలీసు పనిలోకి సాక్షిగా తెచ్చిన నియమం ఇది. 2013లో లలితా కుమారి తీర్పు, వారెంటు లేకుండానే పోలీసు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలంది. 2014లో ఆర్నేశ్ కుమార్ తీర్పు ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయడాన్ని అడ్డుకుంది. నోటీసు ఇచ్చి పంపడాన్ని జనం ‘స్టేషన్ బెయిలు’ అంటున్నది అప్పటి నుంచి ఎక్కువైంది. 2016 నుంచి ఎఫ్ఐఆర్ ప్రతిని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలి, సున్నితమైన కేసులు మినహా.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టించగల జీరో ఎఫ్ఐఆర్ సరిహద్దు మండలానికి ప్రత్యేకంగా ముఖ్యం. ‘అది మా లిమిట్స్ కాదు’ అన్న మాట విని స్టేషన్ల మధ్య తిరిగినవాళ్లు ఈ సీమలో ఎందరో. 2019 డిసెంబరులో కృష్ణా జిల్లా కంచికచర్లలో ఆంధ్రప్రదేశ్ తొలి జీరో ఎఫ్ఐఆర్ నమోదైంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత దాన్ని చట్టంలోకే ఎక్కించింది. అదే చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని అధికారి ఒకరు అరెస్టయిన వారి వివరాలను అందరికీ కనపడేలా ప్రదర్శించాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లో చెప్పాలి. ఎస్సై కేసు కట్టకపోతే ఎస్పీకి రాయాలి, అక్కడా కదలకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటును అడగాలి.

సోమవారం అర్జీలు ఇంకో దారి. స్పందన, జగనన్నకు చెబుదాం, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటూ ప్రభుత్వాలతో పాటు పేర్లు మారినా, సోమవారం ఎస్పీ కార్యాలయంలో వరుసలో నిలబడే మనుషులు మారలేదు. అర్జీకి నంబరు పడుతుంది, విచారణకు డీఎస్పీకో ఎస్సైకో పోతుంది. 1855 నాటి ఎండార్సుమెంటు ఇప్పుడు కంప్యూటర్ రసీదు మీద వస్తోంది. నంబరు ఉండడం వల్ల అర్జీ మాయం కాదు, అది నిజమైన మేలు. విచారించే మనిషి మారకపోవడం పాత లోటే.

షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టం మాత్రం భిన్నమైన పద్ధతి తెచ్చింది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆ చట్టం నాలుగో సెక్షన్ శిక్ష విధిస్తుంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ, దాని కింద డివిజన్ కమిటీ కేసుల నడకను సమీక్షించాలి. ప్రతి నెల 30న దళితవాడల్లో పౌరహక్కుల దినం జరిపి, తహసీల్దారు, ఎస్సై జనం ముందు కూర్చోవాలి. 2022 ఏప్రిల్ వరకు బైరెడ్డిపల్లె, కుప్పం ప్రాంతాల వారికి డివిజన్ కేంద్రం మదనపల్లె. జిల్లాల పునర్విభజనతో పలమనేరు, కుప్పం డివిజన్లు ఏర్పడి ఆ దూరం తగ్గింది. ఒకప్పుడు బొండకొయ్య రాసిపెట్టిన వారికే ఇప్పుడు పోలీసును పేరుపెట్టి అడిగే వేదిక చట్టం ఇచ్చింది. అది మొక్కుబడి సభగా మిగిలిపోతే ఆ తప్పు అధికారులది.

కుప్పం, పుంగనూరు: 2023

2022 డిసెంబరు 28న కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో తెలుగుదేశం సభల్లో తొక్కిసలాటలు జరిగి 11 మంది చనిపోయారు. మరునాడే ప్రభుత్వం 1861 పోలీసు చట్టాన్ని ఆధారం చేసుకుని రోడ్లపై సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 ఇచ్చింది. జనవరి 4న తన సొంత నియోజకవర్గం కుప్పం వచ్చిన అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడిని పోలీసులు అడ్డుకున్నారు. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆగస్టు 4న పుంగనూరులో ఆయన పర్యటన సందర్భంగా పోలీసులకూ కార్యకర్తలకూ మధ్య ఘర్షణ జరిగింది. పోలీసులు గాయపడ్డారు, వాహనాలు తగలబడ్డాయి, పెద్ద సంఖ్యలో కేసులు, అరెస్టులు వచ్చాయి. పోలీసులు పాలక పక్షం చెప్పినట్టు ఆడారని ఒక పక్షం, పథకం ప్రకారం పోలీసులపై దాడి జరిగిందని ఇంకో పక్షం వాదించాయి. ఆ ఘర్షణలో ఒక పక్షంగా ఉన్న జిల్లా పోలీసే దర్యాప్తు కూడా చేసింది. స్వతంత్ర ఫిర్యాదుల అథారిటీ ఉంటే బాగుపడేది బాధిత పౌరుడు ఒక్కడే అనుకోవడం తప్పు. గాయపడిన కానిస్టేబుల్ మాటకూ అప్పుడు బరువు పెరిగేది.

కెమెరా, దాన్ని చూసే కమిటీ

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ఎస్సై గది, గేటు సహా అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది భద్రపరచాలనీ ఆదేశించింది. కస్టడీలో గాయపడినవారి కోసం మానవ హక్కుల కమిషన్ ఆ రికార్డింగును తెప్పించుకోవచ్చు. 2025 సెప్టెంబరులో కెమెరాలు పనిచేయని స్టేషన్ల సంగతిని కోర్టు మళ్లీ తనంతట తానే చేపట్టింది.

ఆ తీర్పులో పెద్దగా చర్చకు రాని ఏర్పాటు ఒకటి ఉంది. కెమెరాలను పర్యవేక్షించే జిల్లా కమిటీలో రెవెన్యూ ఉన్నతాధికారి, కలెక్టరు, ఎస్పీలతో పాటు పట్టణ ప్రాంతం నుంచి మేయరు గానీ, గ్రామీణ ప్రాంతం నుంచి జిల్లా పరిషత్తు అధిపతి గానీ ఉండాలి. స్టేషన్ లోపల జరిగేదాన్ని చూసే అధికారం ఎన్నికైన స్థానిక ప్రతినిధికి ఈ విధంగా దక్కింది. కెమెరా చెడిపోతే వెంటనే ఆ కమిటీకి తెలియజేయడం స్టేషన్ అధికారి బాధ్యత. దృశ్యాలను పరిశీలించి, బయటికి రాని హక్కుల ఉల్లంఘన ఏదైనా ఉందేమో చూడడం కమిటీ విధి. బైరెడ్డిపల్లె జెడ్పీటీసీ సభ్యుడు గానీ సభ్యురాలు గానీ జిల్లా పరిషత్తు సమావేశంలో లేచి, కమిటీ ఎప్పుడు కూర్చుంది, మా స్టేషన్ రికార్డింగు ఎప్పుడు చూసింది అని అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న ఏ ఊరివాడైనా పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి.